యజమాని చెవి ఎటు తిరిగింది?

మంచిర్యాల, ఆసిఫాబాద్, వాంకిడి మీదుగా చంద్రపూర్ వెళ్లే జాతీయ రహదారి మీద, తెలంగాణ సరిహద్దు దాటాక తగిలే ఊళ్లలో లక్కడ్‌కోట్ ఒకటి. రాజురా తాలూకా, చంద్రపూర్ జిల్లా. ఆఫీసు కాగితాల్లో మరాఠీ, బేరసారాల్లో తెలుగు, హిందీ, లోపలి గూడేల్లో గోండి. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా రాజురా ఆదిలాబాద్ జిల్లాలోనే ఉండేది. అందుకే ఇక్కడి తెలుగువాళ్లలో బతుకుతెరువుకు వలస వచ్చినవాళ్లే కాదు, కదలకుండా ఉండగా సరిహద్దే తమ మీదుగా కదిలిపోయినవాళ్లూ ఉన్నారు. ఇటు రాజురా వైపు వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ బొగ్గు గనులు, గడ్‌చాందూర్ చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు. అటు గోలేటి, బెల్లంపల్లి, మందమర్రి వైపు సింగరేణి. పెద్ద సంస్థ అంటే ఎట్లా ఉంటుందో, అందులో పై మాట కిందికి ఎట్లా వస్తుందో ఈ పట్టీలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

ఆ మాట వచ్చే తీరే మారింది. ఒకప్పుడు గని మేనేజరు సంతకంతో నోటీసు బోర్డు మీద కాగితం అంటించేవారు. మస్టరు పడేటప్పుడు ఓవర్‌మెన్ నోటి మాటగా ఇంకొంత చెప్పేవాడు. షిఫ్టు మొదలయ్యే ముందు గేట్ మీటింగ్‌లో యూనియన్ నాయకుడు మైకు పట్టుకుని మిగతాది విప్పేవాడు. మాట కిందికి దిగాలంటే మెట్టు మెట్టుగా దిగాలి, పైకి ఎక్కాలంటే యూనియన్ భుజం మీద ఎక్కాలి. అధికారికి ఇందులో రెండు సౌకర్యాలుండేవి. ఏది ఎప్పుడు చెప్పాలో తానే నిర్ణయించుకునేవాడు. గదిలో అన్నది గదిలోనే ఉండిపోయేది. ఫేస్‌బుక్ 2004లో, ట్విటర్ 2006లో, వాట్సాప్ 2009లో పుట్టినా, మన గనుల ఊళ్లకు, సరిహద్దు పల్లెలకు ఇవి నిజంగా చేరింది 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకయ్యాకే. అప్పటినుంచి ఆ రెండు సౌకర్యాలూ పోయాయి.

పోయినందువల్ల యజమాని కార్మికుడికి దగ్గరయ్యాడా? సోషల్ మీడియా గురించి రాసే మేనేజ్‌మెంట్ పుస్తకాలు చాలావరకు అవుననే చెబుతాయి. 2009 నుంచి తెలుగు నేల మీద, తెలుగువాళ్లు పనిచేసే సంస్థల్లో జరిగినవి వరసగా పేర్చి చూస్తే జవాబు అంత సూటిగా రాదు.

హైదరాబాద్ నుంచే మొదలుపెట్టాలి. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ బోర్డుకు ఉత్తరం రాశారు. అది స్టాక్ ఎక్స్ఛేంజీలకు చేరింది, టీవీలకు ఎక్కింది. అప్పటికి సంస్థలో సుమారు 50 వేల మంది ఉద్యోగులు. తమ కంపెనీ మునిగిందని వాళ్లలో చాలామంది ఊళ్లో అందరితో పాటే టీవీలో చూసి తెలుసుకున్నారు. నాయకుడు చెప్పేదాకా ఎవరికీ తెలియని కాలం అది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆ సంస్థను టెక్ మహీంద్రా కొనుగోలు చేసింది.

ఎనిమిదేళ్ల తర్వాత అదే టెక్ మహీంద్రాలో కథ తిరగబడింది. 2017 జూలైలో ఒక ఆడియో బయటికొచ్చింది. హెచ్ఆర్ అధికారి ఒక ఉద్యోగితో ఫోనులో మాట్లాడుతూ, ఖర్చు తగ్గించుకునే పనిలో భాగంగా ఆయన పేరు జాబితాలో ఉందని, మర్నాడు ఉదయం 10 గంటలకల్లా రాజీనామా ఇవ్వాలని చెబుతున్నారు. గొంతులో కోపం లేదు, తిట్టు లేదు. అలవాటైన పని చేస్తున్న నిదానం ఉంది. విన్నవాళ్లను కుదిపింది ఆ నిదానమే. ఐటీ రంగంలో ఇలాంటి ఫోన్లు అంతకు ముందూ వచ్చాయి, బలవంతపు రాజీనామాలు అంతకు ముందూ జరిగాయి. బయటివాళ్లు వినడం మాత్రం అప్పుడే. జూలై 7న ఆనంద్ మహీంద్రా తన తరఫున ట్విటర్‌లో క్షమాపణ చెప్పారు. మనిషి గౌరవాన్ని కాపాడటం తమ సంస్థ మూల విలువ అని, ఇలాంటిది మళ్లీ జరగనివ్వమని రాశారు. సీఈఓ సి.పి.గుర్నానీ కూడా విచారం చెప్పారు.

ఆ క్షమాపణ నిజాయితీ లేనిదని అనడానికి ఆధారమేమీ లేదు. గ్రూపు ఛైర్మన్ స్థాయి మనిషి గంటల్లో స్పందించి, పేరు పెట్టుకుని క్షమించమని అడగడం పాత కాలంలో ఊహకందని విషయం. అయితే అది చెప్పింది ఫోను తీరు గురించి. ఖర్చు తగ్గింపు నిర్ణయం నిర్ణయంగానే ఉంది. తెరమీదికొచ్చిన వ్యవహారంలో నాయకుడు ఎంతవరకు సర్దుకుంటాడో, ఎక్కడ ఆగిపోతాడో ఈ ఉదంతం చక్కగా చూపిస్తుంది.

గదిలో మాట గదిలో నిలవని సంగతి 2025 జనవరిలో ఇంకా పెద్దగా తెలిసొచ్చింది. హైదరాబాద్ మెట్రో కట్టిన ఎల్ అండ్ టీ గ్రూపు ఛైర్మన్ ఎస్.ఎన్.సుబ్రహ్మణ్యన్ తన ఉద్యోగులతో మాట్లాడిన వీడియో రెడిట్‌లో పడింది. శనివారం పని ఎందుకని అడిగితే, ఆదివారాలు కూడా పనిచేయించలేకపోతున్నందుకు బాధగా ఉందని, వారానికి 90 గంటలు పనిచేయాలని, ఇంట్లో కూర్చుని ఎంతసేపు భార్య మొహం చూస్తారని ఆయన అన్నారు. అంతకు ముందు 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ సహ వ్యవస్థాపకుడు నారాయణమూర్తి వారానికి 70 గంటల మాట అన్నది పాడ్‌కాస్ట్‌లో, అందరూ వింటారని తెలిసే. సుబ్రహ్మణ్యన్ అన్నది తనవాళ్ల మధ్య. దేశం మొత్తం నవ్వింది, కోప్పడింది, సినిమా తారలు స్పందించారు, తోటి పారిశ్రామికవేత్తలు పక్కకు జరిగారు. అసాధారణ ఫలితాలకు అసాధారణ శ్రమ కావాలన్నదే ఛైర్మన్ ఉద్దేశమని కంపెనీ సమర్థించుకుంది. శనివారం పని గురించి అడిగిన ఆ ప్రశ్న మాత్రం ఈ గోలలో ఎవరికీ పట్టలేదు. భార్య మొహం మాటే చర్చ అయింది. సోషల్ మీడియా వల్ల యజమాని మాట బయటపడుతుంది, కానీ ఉద్యోగి అడిగిన విషయం ఆ వెలుగులో మరుగున పడే ప్రమాదం ఎక్కువ.

దీనికి ఎదురుగా పెట్టి చూడదగ్గది సత్య నాదెళ్ల ఉదంతం. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన ఆయన 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. అదే ఏడాది అక్టోబరు 9న అమెరికాలోని ఫీనిక్స్‌లో, కంప్యూటర్ రంగంలోని మహిళల కోసం జరిగే గ్రేస్ హాపర్ సభలో వేదిక మీద ఆయన్ను ఒక ప్రశ్న అడిగారు: జీతం పెంచమని అడగడానికి జంకే ఆడవాళ్లకు మీ సలహా ఏమిటి? వ్యవస్థ మీద నమ్మకం ఉంచాలని, అడగకుండా ఉండటమే మంచి కర్మ అని ఆయన జవాబిచ్చారు. అడిగిన మరియా క్లావే స్వయానా మైక్రోసాఫ్ట్ బోర్డు సభ్యురాలు. ఆమె అక్కడే, ఆ వేదిక మీదే, ఒప్పుకోనన్నారు. ట్విటర్ భగ్గుమంది. ఆ రోజే నాదెళ్ల సరిగా చెప్పలేకపోయానని ట్వీట్ చేశారు. అంతటితో సరిపెట్టుకోకుండా ఉద్యోగులందరికీ లేఖ రాసి, ఆ ప్రశ్నకు తానిచ్చిన జవాబు పూర్తిగా తప్పని, జీతం పెంపు రావాలనుకున్నవాళ్లు నేరుగా అడగాలని చెప్పి, ఆ లేఖను కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టారు. మాట జారిన తీరుకే పరిమితం కాకుండా విషయంలోనే తప్పు ఒప్పుకోవడం ఇక్కడ తేడా. మూడేళ్ల తర్వాత రాసిన పుస్తకంలోనూ ఆయన ఈ సంగతి దాచలేదు. ఆ మధ్యలో, 2016లో, అదే మైక్రోసాఫ్ట్ 2,620 కోట్ల డాలర్లకు లింక్డ్‌ఇన్‌ను కొన్నది. ఇప్పుడు ప్రపంచంలోని మేనేజర్లు తమ నాయకత్వాన్ని ప్రదర్శించుకునే ప్రధాన వేదిక అదే.

లక్కడ్‌కోట్ మీదుగా చంద్రపూర్ వైపు నడిచే తెలంగాణ ఆర్టీసీ బస్సు దగ్గరికి వద్దాం. తెలుగు నేల మీద సోషల్ మీడియాతో సంస్థను నడిపిన నాయకుడంటే మొదట గుర్తొచ్చే పేరు వి.సి.సజ్జనార్‌ది. 2021 సెప్టెంబరులో ఆర్టీసీ ఎండీగా వచ్చిన ఈ ఐపీఎస్ అధికారి తొలి రోజుల్లోనే మామూలు ప్రయాణికుడిలా సిటీ బస్సెక్కి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కు వెళ్లారు. ఆ ఏడాది నవంబరులో బైక్ ట్యాక్సీ సంస్థ ర్యాపిడో ప్రకటనలో ఆర్టీసీ బస్సును కించపరిచారంటూ ఆ సంస్థకు, అందులో నటించిన అల్లు అర్జున్‌కు నోటీసులిచ్చి, ఆ విషయాన్ని ట్విటర్లోనే జనంలో పెట్టారు. సినిమా సన్నివేశాలు, మీమ్‌లు, పండగ ప్రత్యేక బస్సుల కబుర్లు ఆయన ఖాతాలో రోజూ ఉండేవి. నష్టాల ఊబిలో ఉన్న సంస్థ అని పేరుపడ్డ ఆర్టీసీకి ఒక మొహం వచ్చింది.

అందులో ఒక్క ఉదంతాన్ని దగ్గరగా చూడాలి. 2022 జనవరిలో ఒక యువతి అర్ధరాత్రి వేళ ట్వీట్ చేసింది: రాత్రి బస్సుల్లో వెళ్లే ఆడవాళ్లకు మూత్రవిసర్జనకు చోటు దొరకదు, దారిలో పెట్రోలు బంకుల దగ్గర బస్సు ఆపేలా చూడండి అని. సజ్జనార్ ఆ రాత్రే జవాబిచ్చారు, అధికారులకు చెప్పానన్నారు. ఆర్టీసీ నడుస్తున్న ఇన్ని దశాబ్దాల్లో కోట్లమంది ఆడవాళ్లు పళ్ల బిగువున ఓర్చుకున్న బాధ ఇది. డిపో మేనేజరుకు అర్జీ రాయాలనిపించని, కండక్టరుకు చెప్పడానికి సిగ్గుపడే విషయం. ఫోను తెర మీద, సంస్థ పెద్దకే నేరుగా చెప్పే వీలుండబట్టి అది బయటికొచ్చింది. సోషల్ మీడియా నాయకత్వానికి చేసిన అసలైన మేలు ఇక్కడుంది. మర్యాద అడ్డొచ్చి, హోదాల మెట్లు అడ్డొచ్చి ఎన్నడూ పైకి రాని మాట పైకి వచ్చింది.

ఇప్పుడు అదే బస్సులో స్టీరింగ్ వెనక కూర్చున్న మనిషి సంగతి. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ సమ్మె 50 రోజులకు పైగా సాగింది. దాదాపు 48 వేల మంది కార్మికులు. చివరికి ఆర్టీసీని ప్రభుత్వంలో విలీనం చేయాలన్న డిమాండు నెరవేరకుండానే పనిలోకి వచ్చారు. తర్వాత అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ డిపోల నుంచి కార్మికులను ప్రగతి భవన్‌కు పిలిచి భోజనం పెట్టి మాట్లాడారు. యూనియన్ నాయకులను పిలవలేదు. సంఘాల స్థానంలో సంక్షేమ మండళ్లు వచ్చాయి. గుర్తింపు సంఘం లేని ఆ రోజుల్లోనే, ఎండీ ట్విటర్లో ప్రయాణికులకు నిమిషాల్లో జవాబిచ్చే రోజులు వచ్చాయి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో డబ్బు కట్టక్కర్లేని జీరో టికెట్ వచ్చింది. బస్సులు కిక్కిరిశాయి. చంద్రపూర్ వైపు వెళ్లే బస్సులో అయితే ఆ జీరో టికెట్ తెలంగాణ సరిహద్దు దాకానే. అక్కడినుంచి లక్కడ్‌కోట్‌కైనా రాజురాకైనా డబ్బు పెట్టి కొనాలి. ఒకే బస్సులో, ఒకే సీట్లో, రెండు రకాల టికెట్లు కొట్టి, తగువులు తీర్చేది కండక్టరు. విధుల్లో ఉన్న సిబ్బందిపై దాడి జరిగితే సజ్జనార్ వీడియోలు పెట్టి గట్టిగా హెచ్చరించారు, అది నిజం. కానీ డబుల్ డ్యూటీల గురించి, సెలవుల గురించి అదే కండక్టరు తన పేరుతో ఎండీని ట్యాగ్ చేసి రాయగలడా? రాస్తే మర్నాడు డిపోలో ఏమవుతుందో అతనికి తెలుసు. కార్మిక సంఘాల జేఏసీ పాత పద్ధతిలో సమ్మె నోటీసు ఇచ్చాకే 2025 మేలో ప్రభుత్వం చర్చలకు కూర్చుంది, సమ్మె వాయిదా పడింది.

ఈ మొత్తం విషయంలో తేల్చి చెప్పగలిగేది ఇదే: సోషల్ మీడియా నాయకుడి చెవిని పెద్దది చేసింది, కానీ బయటివైపు తిప్పింది. ప్రయాణికుడు, కొనుగోలుదారు, వాటాదారు, అభిమాని వీళ్లంతా దగ్గరయ్యారు. వాళ్లకు భయం లేదు కనక మాట్లాడతారు. సంస్థ లోపలి మనిషికి భయం ఉంది కనక అతని గొంతు రెండే దారుల్లో వస్తుంది: పొగడ్తగా, లేదా లీకుగా.

బొగ్గు గనుల్లో ఇది ఇంకోలా కనిపిస్తుంది. 2020లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ రెండు కొత్త ఏర్పాట్లు ప్రకటించింది. ఒకటి ‘డబ్ల్యూసీఎల్ ఐ’, పెద్ద గనుల్లో పనిని ఇరవై నాలుగు గంటలూ కనిపెట్టే నిఘా వ్యవస్థ. రెండోది ‘సంవాద్’, ఉద్యోగులూ ఇతరులూ సలహాలు, అభిప్రాయాలు పంపే యాప్. ఏడు రోజుల్లో జవాబిస్తామన్నది హామీ. నాగ్‌పూర్‌లో కూర్చున్న యాజమాన్యానికి రాజురా తాలూకా గనులు చూడటానికి కన్ను, వినడానికి చెవి ఒకేసారి అమర్చినట్టు. ఆలోచన మంచిదే. జవాబుకు గడువు పెట్టుకోవడం ఇంకా మంచిది. ఏ సంస్థలోనైనా ఇలాంటి జంటను అంచనా వేయాలంటే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. కన్ను చూసినదానికి చర్య వెంటనే ఉంటుంది, ఎవరు నిద్రపోయారో, ఏ డంపర్ ఆగిపోయిందో తెరమీద తెలిసిపోతుంది. చెవి విన్నదానికీ అంతే వేగంగా చర్య ఉంటుందా? హాల్‌రోడ్డు మీద దుమ్ము లేస్తోంది, నీళ్లు కొట్టండి అని వచ్చిన మాటకు, డంపర్ ఆగితే వచ్చేంత తొందర వస్తుందా?

రోజువారీ నాయకత్వం నడిచేది మాత్రం ఈ యాప్‌లలో కాదు, వాట్సాప్‌లో. డ్యూటీ మార్పులు, భద్రతా సూచనలు, బ్లాస్టింగ్ వేళలు, ఎవరో రిటైరైతే దండలు వేసిన ఫొటోలు అన్నీ గ్రూపుల్లోనే. లారీ యజమానులకు లోడు ఎక్కడుందో తెలిసేదీ అక్కడే. 2018లో వాట్సాప్ ఒక చిన్న మార్పు తెచ్చింది: కావాలనుకుంటే అడ్మిన్లు మాత్రమే రాసేలా గ్రూపును మార్చుకోవచ్చు. పండగ శుభాకాంక్షల వరదకు అడ్డుకట్టగా దాన్ని అందరూ మెచ్చుకున్నారు. అయితే ఒక గ్రూపులో ఆ మీట నొక్కిన క్షణమే అది మళ్లీ పాత నోటీసు బోర్డవుతుంది. తేడా ఒక్కటే, పాత బోర్డు ముందు నలుగురు నిలబడి నోటీసు చదువుతూ గొణుక్కునేవారు, ఆ గొణుగుడు ఓవర్‌మెన్ చెవిన పడేది. ఇప్పుడు ఆ గొణుగుడు అధికారులు లేని మరో గ్రూపులోకి పోతుంది. అధికారికి రెండు నీలం టిక్కులు కనిపిస్తాయి, చదివారని తెలుస్తుంది, ఏమనుకున్నారో తెలియదు. అడ్మిన్లకు ఇంకో భయం ఉండేది, సభ్యుడెవరో పెట్టిన పోస్టుకు తాను ఇరుక్కుంటానేమోనని. ఇతరులు పెట్టినదానికి అడ్మిన్‌ను బాధ్యుణ్ని చేయలేమని 2021లో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ తేల్చింది. కనక చట్టం పేరు చెప్పి గ్రూపుల నోరు మూయాల్సిన పనిలేదు.

యూనియన్ల వైపు కూడా మార్పు చిన్నదేమీ కాదు. 2023 డిసెంబరు 27న సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నికలు జరిగి ఏఐటీయూసీ గెలిచింది. గేట్ మీటింగులు ఆగలేదు. మైకు ముందు వందమందికి చెప్పినది సాయంత్రానికి వేలమంది ఫోన్లలో ఉంటోంది. ఒక బాయి మీద ఇచ్చిన హామీ ఇంకో బాయి మీద మార్చి చెప్పే వీలు నాయకుడికి లేకుండా పోయింది. ఈ క్రమశిక్షణ యాజమాన్యానికే కాదు, కార్మిక నాయకత్వానికీ వచ్చింది, వచ్చి తీరాల్సిందే.

లోపలి మనుషుల కష్టాన్ని పెద్దలే బయట పెట్టినప్పుడు ఏమవుతుందో భారత్ బయోటెక్ అనుభవం చెబుతుంది. 2021 మే, కొవిడ్ రెండో వేవ్ ఉద్ధృతి. టీకాలు సరిపోక రాష్ట్రాలు కంపెనీని నిలదీస్తున్నాయి. హైదరాబాద్‌లోని ఆ సంస్థ సహ వ్యవస్థాపకురాలు సుచిత్ర ఎల్లా ట్విటర్లో రాశారు: 18 రాష్ట్రాలకు టీకా పంపాం, కొన్ని రాష్ట్రాలు మా ఉద్దేశాన్నే శంకించడం మా బృందాలకు బాధ కలిగిస్తోంది, కొవిడ్ వల్ల మా ఉద్యోగులు 50 మంది పనికి రాలేని స్థితిలో ఉన్నారు, అయినా రాత్రింబగళ్లు పనిచేస్తున్నాం అని. తనవాళ్ల శ్రమను వెనకేసుకొచ్చిన నాయకురాలి మాట అది. జవాబులు మాత్రం వేరే వైపు నుంచి వచ్చాయి. టీకా తయారుచేసే చోటే 50 మందికి జబ్బు ఎట్లా వచ్చింది, వాళ్లకు టీకా వేయలేదా అని అడిగారు. పాత పద్ధతిలో అయితే ఈ మాట పత్రికా ప్రకటనగా వెళ్లేది, నలుగురు చదివి సరిచూసేవారు, ఆ ప్రశ్న ముందే ఎవరికో తట్టేది. మనసులో మాట నేరుగా రాస్తే ఆప్యాయత వస్తుంది, ఆ సరిచూపు పోతుంది. ఆపదలో ఉన్న సంస్థ నాయకులకు ఈ రెండింటి మధ్య ఎంపిక నిజంగా కష్టమైనది.

మార్కెట్ల విషయంలో ఈ సరిచూపు చట్టంగానే వచ్చింది. 2018 ఆగస్టులో ఎలాన్ మస్క్ టెస్లాను షేరుకు 420 డాలర్ల లెక్కన ప్రైవేటు చేస్తానని, డబ్బు సిద్ధమని ట్వీట్ చేసి, చివరికి తానూ కంపెనీ చెరో 2 కోట్ల డాలర్లు జరిమానా కట్టి, ఛైర్మన్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. మన దగ్గర 2017 నవంబరులో డాక్టర్ రెడ్డీస్ సహా డజను కంపెనీల ఫలితాలు ప్రకటనకు ముందే వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయని రాయిటర్స్ బయటపెట్టింది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ దర్యాప్తు చేసి కొందరికి జరిమానాలు వేసినా, ఆ అంకెలు కంపెనీల నుంచే లీకయ్యాయని రుజువు కాలేదంటూ అప్పీలు ట్రైబ్యునల్, తర్వాత 2022లో సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను నిలబెట్టలేదు. 2024 జూన్ నుంచి మాత్రం పెద్ద లిస్టెడ్ కంపెనీలు ప్రధాన మీడియాలో వచ్చి షేరు ధరను గట్టిగా కదిలించిన పుకార్లను 24 గంటల్లో ఔననో కాదనో చెప్పాలి. పుకారుకు జవాబు చెప్పడం ఒకప్పుడు నాయకుడి విచక్షణ, ఇప్పుడు అది విధి.

నాయకుడే బ్రాండ్ అయిన చోట లాభనష్టాలు రెండూ వేగంగా వస్తున్నాయి. 2024 మార్చిలో జొమాటో అధిపతి దీపిందర్ గోయల్ శాకాహారులకు పచ్చ యూనిఫారంతో వేరే డెలివరీ దళం ప్రకటించారు. ఎర్ర చొక్కా వేసుకున్నవాణ్ని అపార్ట్‌మెంట్ల దగ్గర ఆపేస్తే ఏమిటని జనం అడిగారు. ఒక్క రోజులో రంగు తేడా వెనక్కి తీసుకున్నారు. బోర్డు గదిలో ఎవరికీ తట్టని ప్రమాదం అది. తొందరగా ప్రకటించి తొందరగా దిద్దుకోవడంలో తప్పేమీ లేదు. దీనికి భిన్నంగా అదే ఏడాది అక్టోబరులో ఓలా అధిపతి భవీష్ అగర్వాల్ స్కూటర్ల సర్వీసు గురించి అడిగిన హాస్యనటుడితో ఎక్స్‌లో మాటకు మాట అనుకున్నారు. మర్నాడు షేరు పడింది, కేంద్ర వినియోగదారుల ప్రాధికార సంస్థ నోటీసు వచ్చింది. చిన్న వ్యాపారాల్లో ఈ దెబ్బ ప్రాణాంతకం. 2025 ఏప్రిల్ నాటి, రాజమండ్రికి చెందిన ఒక పచ్చళ్ల వ్యాపారం సంగతి తెలుగు ఇంటింటికీ తెలుసు. ఇన్‌స్టాగ్రామ్ రీళ్లతో పైకొచ్చిన ఆ వ్యాపారం, ధర ఎక్కువన్న ఒక కొనుగోలుదారుకు వాట్సాప్‌లో పోయిన బూతుల ఆడియోతో రోజుల్లో మూతపడింది. ఆ మాటలు క్షమించదగినవి కావు. వాటి తర్వాత ఆ కుటుంబంలోని ఆడవాళ్ల మీద నడిచిన వెటకారం, వేట అంతకన్నా తక్కువ క్రూరమైనవీ కావు. పెద్ద కంపెనీకి ఇలాంటప్పుడు కాచుకోవడానికి ఒక విభాగం ఉంటుంది. ఇంటి వంటగదిలోంచి వ్యాపారం నడిపే మనిషికి యజమాని, ప్రచారకర్త, కస్టమర్ కేర్ మూడూ తానే. అలసిన రాత్రి ఒక్క మాట జారితే నిలబెట్టేవాళ్లు ఉండరు.

మహారాష్ట్రలోనే పుణెలో జరిగిన ఇంకో సంగతి ఈ మొత్తం చర్చకు కీలకం. ఈవై అనే అకౌంటింగ్ సంస్థలో చేరిన నాలుగు నెలలకే 2024 జూలైలో 26 ఏళ్ల ఛార్టర్డ్ అకౌంటెంట్ ఒకరు చనిపోయారు. పని ఒత్తిడే కారణమని, అంత్యక్రియలకు ఆఫీసు నుంచి ఒక్కరూ రాలేదని ఆమె తల్లి భారత విభాగం ఛైర్మన్ రాజీవ్ మేమానీకి ఉత్తరం రాశారు. సెప్టెంబరులో ఆ ఉత్తరం సోషల్ మీడియాలో పాకింది. మేమానీ లింక్డ్‌ఇన్‌లో విచారం తెలిపారు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తాను కేసు చేపట్టింది. రాష్ట్ర కార్మిక శాఖ అధికారులు ఆ ఆఫీసుకు వెళ్లి చూస్తే, 2007 నుంచి దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదే లేకుండా నడుస్తోందని తేలింది. ఆ చట్టం కిందే పనిగంటలకు పరిమితి వర్తించేది. ఇక్కడ సోషల్ మీడియా క్షమాపణ దగ్గర ఆగకుండా, నిద్రపోతున్న ఒక ప్రభుత్వ శాఖను లేపింది. దానికి ఒక అమ్మాయి ప్రాణం పోవాల్సి రావడం ఏ లెక్కలోనూ సమాధానపడలేని విషయం.

ఇంత దూరం రాకముందే వినే దారులు లేవా అంటే, ఉన్నాయి. హెచ్‌సీఎల్ టెక్నాలజీస్‌లో 2005 తర్వాత ఆ సంస్థ అధిపతి వినీత్ నాయర్ ‘యూ అండ్ ఐ’ పేరుతో సంస్థ లోపల ఒక వేదిక పెట్టారు. ఏ ఉద్యోగి ఏమి అడిగినా సీఈఓ జవాబు అందరికీ కనిపించేది. మేనేజర్ల మీద కింది ఉద్యోగులిచ్చిన మార్కులు కూడా ఉద్యోగులకు తెరిచి పెట్టారు, తనవి ముందు పెట్టి. ఇంటి మురికి బయట ఆరేస్తున్నారన్న సణుగుళ్లు రాకపోలేదు. ఇప్పటి యాప్‌లంత సొగసు ఆ వేదికకు లేదు. ప్రశ్న వేసినవాడి పేరు, జవాబిచ్చినవాడి పేరు రెండూ ఒకే తెర మీద ఉండటమే దాని బలం.

అసలు జవాబిచ్చే మనిషే లేని పని ఇప్పుడు పెరుగుతోంది. చంద్రపూర్‌లోనైనా మంచిర్యాలలోనైనా భోజనం మోసుకొచ్చే కుర్రాడికి మేనేజరు లేడు, నోటీసు బోర్డు లేదు, యాప్ ఉంది. ఐడీ ఆగిపోతే ఎందుకాగిందో అడగడానికి ఎవరూ ఉండరు. 2021 జూన్‌లో హైదరాబాద్‌లో వానలో సైకిల్ తొక్కుకుంటూ చాయ్ తెచ్చిన డెలివరీ కుర్రాడి ఫొటో ఫేస్‌బుక్‌లో పెడితే, గంటల్లో 70 వేలకు పైగా పోగై అతనికి మోపెడ్ వచ్చింది. మంచి మనసులు చేసిన మంచి పని. అతనిలాంటి మిగతా వేలమంది బతుకు ఫొటోకు దొరకలేదు. ఆ వేలమంది తరఫున షేక్ సలావుద్దీన్ నడిపే తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ గేటు లేని చోట ట్విటర్‌నే గేటుగా వాడుకుంది. రేటు కోతల స్క్రీన్‌షాట్లు, ఆగిన ఐడీలు, ప్రమాదాల వివరాలు కంపెనీలనూ మంత్రులనూ ట్యాగ్ చేసి పెట్టింది. 2023లో రాజస్థాన్ ఇలాంటి కార్మికుల కోసం దేశంలో మొదటి చట్టం చేసింది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ముసాయిదా బయటపెట్టింది. అదే ఏడాది కర్ణాటక చేసిన చట్టంలో కార్మికుణ్ని తీసేయాలంటే కారణం రాతపూర్వకంగా చెప్పి 14 రోజుల ముందు నోటీసివ్వాలని ఉంది. అంతకన్నా ముఖ్యమైన షరతు మరొకటి ఉంది: కార్మికుడు మాట్లాడేందుకు కంపెనీ ఒక మనిషిని పెట్టాలి.